పొద్దున వార్నింగ్, మధ్యాహ్నానికి మాయం: హైబ్రిడ్ కారుకు పెద్ద బ్యాటరీ మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది అనంతపురం. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు కొన్నాను. మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది, నెలకు రెండు మూడు సార్లు పోయి వస్తుంటాం. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. వానలు మొదలైనప్పటి నుంచి, పొద్దున బండి తీసిన కాసేపటికే హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయించమని వార్నింగ్ వస్తోంది. ఒకసారి అట్లే ఆపితే, బండి నడవడానికి సిద్ధమని చెప్పే ‘రెడీ’ లైటు మళ్లీ వెలగలేదు. తెలిసిన మెకానిక్ స్కానర్ పెట్టి పీ0ఏఏ6 అనే కోడ్ చూపించి, దాన్ని తీసేశాడు. మధ్యాహ్నం బండి మామూలుగానే నడిచింది. రెండు రోజులకు మళ్లీ అదే కథ. ‘పెద్ద బ్యాటరీ పోయింది సార్, లక్షల్లో అవుతుంది’ అంటున్నాడు. మొన్న మే నెలలో ఏసీ చల్లగా రావడం లేదని బయట గ్యాస్ పట్టించడం తప్ప ఈ మధ్య బండి మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఇంటి పక్కన రేకుల షెడ్డులో పెడతాం, చెనిక్కాయల మూటలు కూడా అక్కడే ఉంటాయి. వారం రోజులు తీయకపోతే చిన్న బ్యాటరీ కూడా దిగిపోతోంది. ‘మల్టీమీటరు తెచ్చి ఆ నారింజ వైర్లు చూద్దాం మామా’ అంటున్నాడు మా అల్లుడు. చూడొచ్చా? ఈ పరిస్థితిలో బెంగళూరు పోవచ్చా?

సమాధానం: మీ చివరి రెండు ప్రశ్నలకు ముందు జవాబు చెప్తాను, అవి ప్రాణంతో పని కాబట్టి. నారింజ రంగు వైర్లంటే హై వోల్టేజీ కేబుళ్లు, వాటి జోలికి మీ అల్లుణ్ని పోనివ్వకండి. లోపం ఎక్కడుందో తేలేదాకా బెంగళూరుకు ఈ బండిలో పోకండి. ఇక పెద్ద బ్యాటరీ సంగతి, అంటే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజిన్‌తో పాటు బండిని నడిపే మోటార్లకు కరెంటిచ్చే బ్యాటరీ సంగతి. మీరు రాసినదాంట్లో బ్యాటరీ పోయిందని చెప్పే ఆధారం నాకు ఒక్కటీ కనిపించలేదు. ఇంకా చెప్పాలంటే, అనుమానాన్ని వేరే చోటికి లాగే ఆధారాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

ఆ కోడ్ ఏం చెబుతోందో చూద్దాం. పీ0ఏఏ6 అంటే హై వోల్టేజీ సర్క్యూట్‌కూ బండి బాడీకీ మధ్య ఉండాల్సిన ఇన్సులేషన్ తగ్గిందని. మన జిల్లాలో బోరు ఉన్న రైతు ఎవరికైనా ఇది కొత్త కాదు. బోరులోని మోటారు వైండింగ్‌లోకి నీళ్లు దిగితే ‘ఎర్త్ కొడుతోంది’ అంటాం, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తాం. మీ కారులో కంప్యూటర్ చెబుతున్నదీ ఆ మాటే: కరెంటు ఉండాల్సిన దారి విడిచి ఎక్కడో బాడీలోకి కారుతోంది. ఎక్కడ కారుతోందో మాత్రం ఈ కోడ్ ఒక్కటే చెప్పదు. బ్యాటరీ సత్తువ తగ్గి మార్చాల్సిన దశకు వచ్చినప్పుడు సాధారణంగా వచ్చే కోడ్ వేరు, అది పీ0ఏ80. మీ మెకానిక్ చూపించింది అది కాదు.

మామూలు కారులో 12 వోల్టుల బ్యాటరీ మైనస్‌ను బాడీకే కలుపుతారు. హైబ్రిడ్‌లో పెద్ద బ్యాటరీ ప్లస్సూ మైనస్సూ రెండూ బాడీకి తగలకుండా విడిగా ఉంటాయి. ఎందుకంటే మన దగ్గర తిరిగే గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో ఆ బ్యాటరీ 177.6 వోల్టులది. కొన్ని మోడళ్లలో ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటార్లకు పనికొచ్చేలా మార్చే పెట్టె) దగ్గరికి వచ్చేసరికి ఆ వోల్టేజీ పెరిగి 600 కూడా దాటుతుంది. డీసీలో 60 వోల్టులు దాటితేనే ప్రమాదకరం కింద లెక్క. బ్యాటరీ కంప్యూటర్ ఒక చిన్న సిగ్నల్‌ను హై వోల్టేజీ లైన్‌లోకి పంపి, అది బాడీలోకి ఎంత కారుతోందో అస్తమానం కొలుస్తూనే ఉంటుంది. ఒకచోట లీకైనంత మాత్రాన బాడీ ముట్టుకుంటే షాక్ కొట్టదు, ఎందుకంటే కరెంటుకు తిరుగు దారి లేదు. ఆ తిరుగు దారి రెండో లీకు రూపంలో రావచ్చు, బానెట్ ఎత్తి విప్పుతున్న మనిషి చేతుల రూపంలోనూ రావచ్చు. మీ అల్లుణ్ని వద్దన్నది ఇందుకే. మొదటి లీకు దగ్గరే బండి మిమ్మల్ని హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరికను స్కానర్‌తో చెరిపేసి తిరగడం మంచిది కాదు.

ఆ కొలతలో ఒక మర్మం ఉంది. కంప్యూటర్ కొలిచేది మొత్తం బండి లీకును, ఏదో ఒక భాగాన్ని కాదు. బ్యాటరీ, నారింజ కేబుళ్లు, ఇన్వర్టర్, గేర్‌బాక్సులోని మోటార్లు, ఏసీ కంప్రెసర్ అన్నీ ఒకే లైను మీద ఉంటాయి. నాలుగు చోట్ల కొంచెం కొంచెం లీకైతే అన్నీ కలిసి హద్దు దాటవచ్చు. ఎండాకాలంలో విడివిడిగా హద్దు లోపలే ఉన్న చిన్న లోపాలు, గాలిలో తేమ చేరగానే ఒక్కసారిగా బయటపడతాయి. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. మిగతా కాలమంతా పొడి గాలి. అంటే ఇలాంటి లోపం మన ఊళ్లో నెలల తరబడి దాక్కోగలదు. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి పోతోందంటే, ఎండకు తేమ ఆరిపోయి ఇన్సులేషన్ మళ్లీ హద్దు లోపలికి వస్తోందని అర్థం. నిజంగా చచ్చిపోతున్న సెల్ అయితే మధ్యాహ్నం ఎండకు బాగుపడదు. ఇంకా వేడెక్కి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం మే నెలలో బయట గ్యాస్ పట్టించిన సంగతి. మీరు దాన్ని మామూలు విషయంగా రాశారు. నాకు మాత్రం అక్కడే ఎక్కువ అనుమానం. మామూలు కారులో ఏసీ కంప్రెసర్‌ను బెల్టు తిప్పుతుంది. హైబ్రిడ్‌లో కంప్రెసర్ లోపలే హై వోల్టేజీ మోటారు ఉంటుంది. దాని వైండింగ్ గ్యాస్‌తో పాటు తిరిగే నూనెలోనే మునిగి ఉంటుంది. కాబట్టి ఆ నూనె కరెంటును పోనివ్వకూడదు. అందుకు పీఓఈ రకం నూనె వాడతారు, డెన్సో కంపెనీ కంప్రెసర్లలో దాని పేరు ఎన్‌డీ-ఆయిల్ 11. బెల్టు కంప్రెసర్లలో వాడేది పీఏజీ రకం, ఉదాహరణకు ఎన్‌డీ-ఆయిల్ 8. అది తేమను పీల్చుకుంటుంది, కరెంటునూ కొంత పోనిస్తుంది. హైబ్రిడ్‌లో అది కొద్దిగా కలిసినా వైండింగ్ ఇన్సులేషన్ పడిపోతుంది. ఏసీ షాపులో ఒకే మెషీను, ఒకే పైపులతో అన్ని బండ్లకూ గ్యాస్ పడతారు. గ్యాస్ రెండింటికీ ఒకటే కావచ్చు, నూనె వేరు. ఆ కుర్రాడు కావాలని తప్పు చేసి ఉండడు, బెల్టు కంప్రెసర్లకు రోజూ చేసే పనే మీ బండికీ చేసి ఉంటాడు. లీకు కనిపెట్టే రంగు కలిపినా, లీకు ఆపే మందు కలిపినా ఇదే ప్రమాదం.

‘మే నుంచి వానల దాకా ఏసీ బాగానే పనిచేసింది కదా’ అని మీకు అనిపించవచ్చు. నూనె వల్ల వచ్చే నష్టం ఒక్కరోజులో తేలదు, నూనె వ్యవస్థంతా తిరిగి కలవాలి, తేమ పీల్చాలి. ఇందాక చెప్పినట్టు కంప్రెసర్ తన వంతు లీకుతో హద్దు అంచున ఉంటే, వానాకాలపు తేమ మిగతా పని పూర్తి చేస్తుంది. ఇంకో సంగతి గమనించండి. వాన పడిన పొద్దున అద్దానికి ఆవిరి పడుతుంది, ముందు అద్దం ఆవిరి పోగొట్టే బటన్ నొక్కుతాం. ఆ బటన్ నొక్కితే చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ దానంతట అదే తిరుగుతుంది. మీకు వార్నింగ్ వచ్చిన ప్రతి పొద్దునా ఆ బటన్ వేశారా, ఏసీ నడుస్తోందా, గుర్తు చేసుకోండి. ఏసీ నడిచినప్పుడే వార్నింగ్ వస్తోందంటే అనుమానం సూటిగా కంప్రెసర్ మీదికి పోతుంది. ఏసీ ఆఫ్‌లో ఉన్నా వస్తే మిగతా చోట్లు వెతకాలి. దీనికోసం ప్రత్యేకంగా బండి వేసుకుని తిరగనక్కర్లేదు, ఇప్పటిదాకా జరిగింది జ్ఞాపకం చేసుకుని కాగితం మీద రాసిపెట్టుకుంటే చాలు.

మిగతా చోట్లలో నేను ముందు చూసేది మీ షెడ్డును. చెనిక్కాయల మూటలున్న చోట ఎలుకలు లేకుండా ఉండవు. బండి ఆపాక ఇంజిన్ దగ్గర వెచ్చగా ఉంటుంది, గింజలు పక్కనే ఉన్నాయి, ఇక వాటికి ఏం కావాలి? అవి ఎక్కువగా సన్న వైర్లను కొరుకుతాయి, నారింజ కేబుల్ పైపొరను కొరికినా ఆశ్చర్యం లేదు. పైపొర తెగితే ఎండలో ఏమీ తెలియదు, తేమ చేరినప్పుడు లీకవుతుంది. బండి పూర్తిగా ఆపి, తాళం ఇంట్లో పెట్టి, బానెట్ ఎత్తి టార్చితో చూడండి. పీచు, గింజల పొట్టు, ఎలుక పెంట కనిపిస్తున్నాయా? దేన్నీ ముట్టుకోవద్దు, లాగవద్దు, ఫోనులో ఫొటోలు తీసుకోండి చాలు. మూటలను మాత్రం ఈ రోజే వేరే చోటికి మార్చండి.

తర్వాత డిక్కీ. చాలా మోడళ్లలో పెద్ద బ్యాటరీ డిక్కీ అడుగున గానీ వెనుక సీటు కింద గానీ ఉంటుంది. డిక్కీ తలుపు రబ్బరు చీలినా, వెనుక లైటు దగ్గర సీలు పోయినా వాన నీళ్లు లోపలికి దిగుతాయి. డిక్కీ కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి, తడి ఉందా, ముక్కిపోయిన వాసన వస్తోందా అని. బ్యాటరీకి గాలి పోయే జాలీ ఒకటి వెనుక సీటు దగ్గర ఉంటుంది. మన ఎర్ర దుమ్ముకు అది మూసుకుపోతుంది, దాని ముందు సంచులు పెట్టేవాళ్లనూ చూశాను. ఈ కోడ్‌కూ దానికీ నేరుగా సంబంధం లేదు గానీ, 42 డిగ్రీల ఎండలో ఆ జాలీ మూసుకుపోతే బ్యాటరీ ఆయుష్షు నిజంగానే తగ్గుతుంది. అక్కడిదాకా వెళ్లినప్పుడు దాన్నీ శుభ్రం చేయించండి. ఇంజిన్ మీద ప్రెషర్ పైపుతో నీళ్లు కొట్టించే అలవాటు ఉంటే మాత్రం ఇక మానేయండి.

సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. అది మీ దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చింది? 2023 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చివర్లో బురద చార ఉందేమో చూడండి. సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. అవి కనిపిస్తే మనం వెతకాల్సిన చోట్లు ఒక్కసారిగా పెరిగిపోతాయి.

చిన్న బ్యాటరీ దిగిపోవడం వేరే జబ్బు. రెండింటినీ కలిపి చూస్తే తికమక పడతారు. హైబ్రిడ్‌లో మామూలు సెల్ఫ్ మోటారు ఉండదు, డైనమో ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి ఒక కన్వర్టర్ వోల్టేజీ తగ్గించి 12 వోల్టుల బ్యాటరీని చార్జ్ చేస్తుంది. కానీ పెద్ద బ్యాటరీని లైనుకు కలిపే రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) పడాలంటే ఈ చిన్న బ్యాటరీయే శక్తినివ్వాలి. చిన్నది నీరసిస్తే పెద్దది నిండుగా ఉన్నా రెడీ లైటు వెలగదు. పైగా కంప్యూటర్లన్నీ గందరగోళపడి ఒకదానికొకటి సంబంధం లేని వార్నింగులు ఇస్తాయి. అందుకే ఏ హైబ్రిడ్ వచ్చినా మొదట చిన్న బ్యాటరీని కొలవాలి. మీ అల్లుడి మల్టీమీటరుకు ఇక్కడ మంచి పని ఉంది. బండి రాత్రంతా ఆపి ఉంచాక పొద్దున చిన్న బ్యాటరీ మీద 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కంటే తక్కువ ఉంటే దిగిపోయినట్టు. రెడీ లైటు వెలిగాక 13.5 నుంచి 14.5 మధ్యకు రావాలి. వస్తే కన్వర్టర్ చార్జ్ చేస్తున్నట్టే.

చార్జింగ్ సరిగ్గా ఉండి కూడా వారానికే దిగిపోతోందంటే, బ్యాటరీ పాతబడైనా ఉండాలి, బండి ఆపాక ఏదో ఒకటి కరెంటు తాగుతూనైనా ఉండాలి. పాత ఓనరు పెట్టించిన డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్, పెద్ద సౌండ్ సిస్టమ్ ఏమైనా ఉన్నాయా? బండి పూర్తిగా నిద్రపోయాక కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజూ తీసి చూస్తూ దొంగను పట్టుకోవచ్చు, ఈ పని మంచి ఆటో ఎలక్ట్రీషియన్ ఎవరైనా చేస్తాడు. స్మార్ట్ తాళాన్ని బండి పక్కనే గోడకు తగిలించే అలవాటున్నా మార్చుకోండి, దానివల్ల కూడా కొన్ని బండ్లు పూర్తిగా నిద్రపోవు. రెడీ వేయకుండా పాటలు వింటూ కూర్చున్నా చిన్న బ్యాటరీయే ఖర్చవుతుంది.

ఇక వర్క్‌షాపులో ఏం జరగాలి. మొట్టమొదటి సంగతి, కోడ్‌ను చెరిపేయకూడదు. కోడ్ పడిన క్షణంలో బండి ఎంత స్పీడులో ఉంది, ఏసీ నడుస్తోందా, వోల్టేజీ ఎంత అనే వివరాలన్నీ కంప్యూటర్ దాచిపెట్టుకుంటుంది. చాలా మోడళ్లలో లీకు ఏ ప్రాంతంలో ఉందో చెప్పే ఉపకోడ్ కూడా ఉంటుంది: ఏసీ వైపా, బ్యాటరీ వైపా, గేర్‌బాక్సు మోటార్ల వైపా అని. సాదా స్కానర్లు దాన్ని చూపించవు, కంపెనీ స్కానర్ చూపిస్తుంది. మీ మెకానిక్ కోడ్ తీసేసినప్పుడల్లా ఈ సాక్ష్యం కూడా పోతోంది. ఆయన మీద కోపం వద్దు, కానీ ఈసారి ముందు ఫొటోలు తీసుకోమని గట్టిగా చెప్పండి.

ఆ తర్వాత అసలు పరీక్ష. మల్టీమీటరులోని కొద్ది వోల్టులతో ఈ లీకు దొరకదు. ఇన్సులేషన్ టెస్టర్‌తో, అంటే మనం అనే మెగ్గర్‌తో, సాధారణంగా 500 వోల్టులు పెట్టి చూడాలి. అలాగని బోరు మోటార్ల షాపు నుంచి మెగ్గర్ తెచ్చి నేరుగా పెట్టించకండి. బండిలోని ఎలక్ట్రానిక్ బోర్డులు కాలిపోతాయి. ప్రతి భాగాన్నీ లైను నుంచి విడదీసి, సర్వీస్ మాన్యువల్ చెప్పిన చోట, చెప్పినంత వోల్టేజీతోనే కొలవాలి. కంప్రెసర్‌ను విడదీసి కొలుస్తారు, తర్వాత కేబుళ్లు, తర్వాత మోటార్లు, బ్యాటరీ. ఆరోగ్యంగా ఉన్న భాగం మెగా ఓముల్లో చూపిస్తుంది. ఏది పడిపోయిందో అదే దోషి. ఒకటి కంటే ఎక్కువ దొరికినా ఆశ్చర్యపోకండి. వీలైతే వాన పడిన పొద్దున, తేమ ఆరకముందే బండిని అక్కడ ఉంచండి. ఎండ కాస్తున్న మధ్యాహ్నం కొలిస్తే అన్నీ బాగున్నాయని పంపించేస్తారు.

విప్పే మనిషికి ఈ పని వచ్చో రాదో మీరు దూరం నుంచే కనిపెట్టవచ్చు. వచ్చినవాడు బండి ఆపి తాళం దూరంగా పెట్టిస్తాడు. 12 వోల్టుల మైనస్ తీస్తాడు. 1000 వోల్టులకు తట్టుకునే క్లాస్ 0 రబ్బరు గ్లౌజులు వేసుకుంటాడు, వేసుకునే ముందు వాటిలో గాలి నింపి చుట్టి చిల్లు ఉందేమో చూస్తాడు. పెద్ద బ్యాటరీని లైను నుంచి విడదీసే సర్వీస్ ప్లగ్ తీసి ఎవరూ తిరిగి పెట్టకుండా తన జేబులోనే ఉంచుకుంటాడు. ఇన్వర్టర్ కెపాసిటర్లలో నిలిచిన చార్జ్ దిగిపోవడానికి పది నిమిషాలు ఆగుతాడు. ఆగాక కూడా నమ్మకుండా మీటరు పెట్టి సున్నా వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి వేస్తాడు. ఇవేవీ లేకుండా స్పానర్ పట్టుకునేవాడు ఎంత తెలిసినవాడైనా అక్కడ ఆపేయండి. ఆ మనిషికి ఇంట్లో ఎదురు చూసేవాళ్లు ఉంటారు. మాన్యువల్, టెస్టర్, గ్లౌజులు మూడూ ఉన్న చోటికే బండిని ఇవ్వండి, అనంతపురంలో దొరకకపోతే కర్నూలుకో బెంగళూరుకో ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తం పైకెక్కించుకునే లారీ) మీద పంపినా పరవాలేదు.

డబ్బు సంగతి. ఏ భాగం మార్చాలన్నా, విడదీసి కొలిచిన రీడింగ్ కాగితం మీద చూపించమని అడగండి. రీడింగ్ లేకుండా పెద్ద బ్యాటరీ మార్చడానికి ఒప్పుకోవద్దు. కంప్రెసర్ నూనె కలుషితమైందని తేలితే, చాలాసార్లు కంప్రెసర్ ఒక్కటి మారిస్తే చాలదు, నూనె నిలిచిన మిగతా ఏసీ భాగాలూ మార్చాలంటారు. అది అన్యాయం కాదు, పాత నూనె మిగిలితే కొత్త కంప్రెసర్ కూడా పాడవుతుంది. నిజంగా బ్యాటరీలోనే లోపం తేలితే వారంటీ చూడండి. మన దేశంలో టయోటా, మారుతి స్ట్రాంగ్ హైబ్రిడ్‌ల బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. మీ బండి నంబరు మీద సర్వీసు చరిత్ర తీయించి, వారంటీ ఇంకా ఉందా, మీ పేరుకు వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. బయటివాళ్ల చేత బ్యాటరీ మూత తీయిస్తే ఆ హక్కు పోగొట్టుకునే ప్రమాదం ఉంది, కాబట్టి ఈ పని ముందే చేయండి.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. స్మార్ట్ హైబ్రిడ్ అని రాసి ఉండే ఎర్టిగా, బ్రెజా లాంటి కార్లలో ఉండేది 12 వోల్టుల ఏర్పాటే. నారింజ కేబుళ్లు, పీ0ఏఏ6 గొడవ వాటికి లేవు. పైన రాసిందంతా స్ట్రాంగ్ హైబ్రిడ్‌ల గురించి.

బెంగళూరు ప్రయాణం విషయానికి మళ్లీ వస్తాను. 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఈ కోడ్ పడ్డాక కొన్ని మోడళ్లు నడుస్తున్నంతసేపు నడుస్తాయి, ఒకసారి ఆపితే మళ్లీ రెడీ కావు, మీకు ఇప్పటికే ఒకసారి జరిగింది. టీ కోసం పెనుకొండ దగ్గర ఆపితే ఇంటిల్లిపాదీ అక్కడే ఉండిపోవచ్చు. అమ్మాయిని చూడాలంటే బస్సో రైలో ఉంది. దారిలో ఎప్పుడైనా ఆగిపోతే ముందు చక్రాలు నేల మీద దొర్లేలా తాడు కట్టి లాగించకండి. చక్రాలు తిరిగితే లోపలి మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది. ఇన్సూరెన్సు వాళ్లకు ఫోను చేసేటప్పుడే ‘హైబ్రిడ్ కారు, ఫ్లాట్‌బెడ్ పంపండి’ అని చెప్పండి. వచ్చిన డ్రైవరుకు బండి అప్పగించే ముందు రెడీ లైటు ఆరిపోయిందో లేదో మీరే చూసుకోండి. ఇంజిన్ చప్పుడు లేదని బండి ఆగిందనుకోవద్దు, రెడీ వెలుగుతుంటే ఇంజిన్ ఏ క్షణమైనా దానంతట అదే స్టార్ట్ అవుతుంది.